కాగిన నూనె కథ

పోయిన ధనుర్మాసంలో ఒక వారం బాపట్లలో మా మరిది వాళ్ళింట్లో ఉన్నాను. మా తోడికోడలికి ఒంట్లో బాగాలేక సాయానికి వెళ్ళాను. మా మరిదిది చిన్న హోటలు. పొద్దున ఇడ్లీ, పూరీ, గారె. సాయంత్రం బజ్జీలు, పునుగులు. ఇల్లు వెనక, హోటలు ముందు. తెల్లారి లేచి తలుపు తీసేసరికి వీధిలో గొడవ. హోటలు తూము పొంగి, సైడు కాలవ నిండి, ఆ నీళ్ళన్నీ ఎదురింటావిడ ముగ్గు మీదకి పారాయి. పాపం, నాలుగింటికి లేచి పెట్టిన ముగ్గు. మధ్యలో పెట్టిన గొబ్బెమ్మలు నూనె తెట్టెలో తేలుతున్నాయి. ఆవిడ నోరు మంచిది కాబట్టి సరిపోయింది గానీ, నేనయితే అంత తక్కువతో వదిలిపెట్టేదాన్ని కాదు.

తొమ్మిదింటికి కాలవలు తీసే అతను వచ్చాడు. వయసు మళ్ళినవాడే. గునపంతో పలక లేపి, చెయ్యి లోపలికి పెట్టి ఒక ముద్ద తీసి గట్టు మీద పడేశాడు. బూడిదరంగులో, కొవ్వొత్తులు కరిగించి ముద్ద చేసినట్టు, కొబ్బరికాయంత ఉంది. దాని వెనక ఇంకొకటి. మట్టేమో అనుకున్నాను.

"ఏంటి బాబాయ్ అది?" అనడిగాను.

"మట్టి కాదమ్మా, మీ నూనే. ఎండాకాలం జారిపోద్ది, చలికి గడ్డ కట్టుద్ది. హోటలున్న ప్రతి సందులో ఇదే పని మాకు" అన్నాడు.

చేతికి తొడుగు లేదు, ముక్కుకి గుడ్డ లేదు. పనయ్యాక టీ ఇస్తే, ఆ చేతులతో గ్లాసు పట్టుకోలేక సబ్బు అడిగాడు. రెండుసార్లు సబ్బు రుద్దినా జిడ్డు పోలేదు. మా అత్తయ్య లోపల్నించి పిడకల కచ్చిక, పిండేసిన నిమ్మచెక్క తెచ్చి చేతిలో పోసింది. అప్పుడు పోయింది. అత్తయ్య నావైపు తిరిగి, "మన రోజుల్లో తూముకి నూనె పోయేదే కాదే" అంది.

ఆ మాట పట్టుకుని నేను నాలుగైదు నెలలుగా ఆలోచిస్తున్నాను. మరి ఎటు పోయేది?

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మా అమ్మ వంటింట్లో మూకుడు పెట్టడమంటే పండగే. పండక్కో, పురుడుకో, చుట్టాలొస్తేనో తప్ప మూకుడు కిందకి దిగేది కాదు. అరిసెలు వండాక మిగిలిన నూనె చల్లారనిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టి, మూతి చిన్న జాడీలో పోసి పెట్టేది. ఆ నూనె తర్వాత పది రోజులూ పోపులకి, వేపుళ్ళకి. అడుగున మిగిలిన మడ్డి మాత్రం పారెయ్యదు. తలుపు బందులకి, బావి గిలకకి, కత్తిపీటకి. నాన్న బండి ఇరుసుకి కందెన కావాలంటే ఆముదం మడ్డిలో గడ్డి బూడిద కలిపేవాళ్ళు. దేవుడి దీపానికి మాత్రం ఈ నూనె పనికిరాదు, అది ఎంగిలి నూనె. దీపానికి గానుగలో ఆడించిన నువ్వులనూనే కావాలి. ఈ విషయంలో మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఇక మూకుడు కడిగే తీరు. ముందు కచ్చిక చల్లి, కొబ్బరిపీచుతో పొడిగా తుడిచేది. ఆ జిడ్డంతా బూడిదకి పట్టి, బూడిద పెంటకుప్పకి పోయేది. తర్వాతే నీళ్ళు. ఆ అంట్లనీళ్ళు అరటిపాదుకి. బియ్యం కడుగు, గంజి, తవుడు, కూరముక్కల తొక్కు కుడితిగోలేనికి. అంటే నీళ్ళు తగలకముందే జిడ్డుని విడదీసేసేది అమ్మ. ఈ మధ్య పెద్ద పెద్ద హోటళ్ళకి ఇంజనీర్లు చెప్పే మొదటి నియమం కూడా అదేనట. కడగబోయే ముందు పొడిగా తుడవండి, తుడిచింది చెత్తబుట్టలో వెయ్యండి అని. మా అమ్మకి ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తోడుకోవాల్సింది తనే కాబట్టి తెలిసింది.

ఇందులో గొప్పతనం కంటే కరువే ఎక్కువ అని నాకు తెలుసు. నూనె ఖరీదైన వస్తువు కాబట్టి చుక్క పోనిచ్చేవాళ్ళు కాదు. పాతకాలమంతా బంగారం అనడం నాకు అలవాటు లేదు. ఆ బూడిదతో తోమి తోమి మా అమ్మ వేళ్ళ చివర్లు పగిలి ఉండేవి.

నూనెకి మన ప్రాంతంలో ఎంత విలువుండేదో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. మా పుట్టింటికీ బాపట్లకీ మధ్యలో చందవోలు ఉంది. చిన్నప్పుడు ఎద్దుల బండిలో అక్కడి లింగోద్భవస్వామి గుడికి వెళ్ళేవాళ్ళం. ఆ ఊరు 11, 12 శతాబ్దాల్లో వెలనాటి చోడుల రాజధాని అని పెద్దయ్యాక తెలిసింది. ఆ కాలపు గుడి శాసనాల్లో ఎక్కువ భాగం ఏముంటుందో తెలుసా? దీపాల లెక్క. ఫలానా వారు, ఫలానా దేవుడికి అఖండదీపం కోసం ఇన్ని గొర్రెలు, లేదా ఇన్ని ఆవులు ఇచ్చారు, ఆ మందను తీసుకున్న బోయడు రోజూ మానెడు నెయ్యి పొయ్యాలి అని. ఒక్క దీపానికి యాభై పైచిలుకు గొర్రెలు! ఒక్క వత్తి ఆరకుండా ఉండడానికి ఒక మంద కావాలన్నమాట. రాణులు, సేనాపతుల భార్యలు ఇచ్చిన దీపాలూ ఉన్నాయి. నూనె, నెయ్యి అంటే రాతి మీద చెక్కించుకునేంత ఆస్తి.

నూనె తీసేవాళ్ళకీ అంతే మర్యాద. 11వ శతాబ్దం చివర్లో వేంగిని ఏలిన రాజరాజ చోడగంగ వేయించిన టేకి రాగిశాసనంలో విజయవాడలో ఉండే తెలికి వేయి కుటుంబాల ప్రస్తావన ఉంది. వాళ్ళ పెళ్ళిళ్ళలో వధూవరులు గుర్రమెక్కి ఊరేగవచ్చని రాజుగారు హక్కు ఇచ్చారు. తెలికి అన్న మాట మన వంటింట్లో ఇప్పటికీ బతికే ఉంది. తెలగపిండి కూర వండుతాం కదా, అదే. గానుగలో నువ్వులు ఆడించాక మిగిలిన చెక్క. బాలింతకి పాలు పడాలని మునగాకు వేసి వండిపెడతారు. నా రెండు కాన్పులకీ మా అమ్మ ఇది పెట్టి పెట్టి, ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు పసిబిడ్డల వాసనే గుర్తొస్తుంది. గింజలోంచి నూనె, చెక్కలోంచి కూర, మిగిలిన చెక్క పశువుకి, మడ్డి ఇరుసుకి. తూముకి ఏం మిగిలింది చెప్పండి?

మరి ఇది మారింది ఎక్కడ? నా లెక్కలో రైలు దగ్గర.

1855లో విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యి, కాలవలు తవ్వాక మన డెల్టాలో వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. 1899లో మద్రాసు నుంచి బెజవాడకి రైలు కలిసింది. బాపట్ల, తెనాలి ఆ దారిలోవే. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకి లైను పడింది. తెనాలి అప్పటికే, 1909లోనే, మున్సిపాలిటీ అయింది. మూడు కాలవలు ఊరి మధ్యగా పారుతుండడం, నాటకాలు, సినిమావాళ్ళు, ఫ్యాషన్లు అన్నీ కలిసి ఆంధ్రా పారిస్ అని పేరొచ్చింది. రైలు దిగినవాడికి ఆకలి వేస్తుంది. బంధువుల ఇల్లు లేని ఊళ్ళో తినాలంటే హోటలు కావాలి. మా తాతగారి తరానికి హోటల్లో తినడమంటే కాస్త సిగ్గు. మా నాన్న తరానికి సరదా. మా పిల్లల తరానికి రోజువారీ పని.

ఇంటి మూకుడుకీ హోటలు మూకుడుకీ తేడా పరిమాణంలో మాత్రమే లేదు. ఇంట్లో మూకుడు దిగుతుంది, చల్లారుతుంది. హోటల్లో అది దిగదు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా కాగుతూనే ఉంటుంది. తగ్గినప్పుడల్లా పైన కొత్త నూనె పోస్తారు. పిండిలో తడి, మిరపకాయలో తడి, గాలి, వేడి అన్నీ కలిసి నూనెని విరగ్గొడతాయి. నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ వస్తుంది, తొందరగా పొగలొస్తుంది. ఇంట్లో ఆ దశ రాకముందే పోపుల్లో అయిపోతుంది. హోటల్లో ఆ దశ వచ్చాక కూడా డబ్బా మిగిలే ఉంటుంది.

దానికి తోడు నూనె జాతి మారింది. మన ఇళ్ళలో మొదట నువ్వులనూనె. బాపట్ల వైపు ఇసుక నేలల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి తర్వాత వేరుశనగనూనె. 1937లో డాల్డా వచ్చింది. నెయ్యిలా గడ్డకట్టి కనపడడమే దాని గొప్ప. మీ ఇంట్లోనూ డాల్డా డబ్బాల్లో గులాబీ మొక్కలు, తులసి పెరిగే ఉంటాయి. ఆ తర్వాత సన్‌ఫ్లవర్, రేషన్ షాపులో పామాయిల్. 1994లో పామోలిన్ దిగుమతికి ప్రభుత్వం తలుపులు తెరిచింది. ఇప్పుడు మనదేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది, అందులో పెద్దవాటా పామాయిల్‌దే. చవక, ఎక్కువసేపు కాగినా తట్టుకుంటుంది, అందుకే హోటళ్ళకి అదే ఇష్టం. కానీ వేరుశనగనూనె మన చలికి గడ్డకట్టదు. డాల్డా, పామాయిల్ గడ్డకడతాయి. తూములో పెట్టే పేచీ అక్కడే.

గడ్డకట్టడంతో కథ అయిపోదు. కొవ్వు తూములో చాలాకాలం నిలవుంటే విరిగి పులుస్తుంది. ఆ పులుపు సిమెంటు గొట్టంలో ఉన్న సున్నంతో కలిసి సబ్బులాంటి రాయి అవుతుంది. పూర్వం మా ఊళ్ళో చాకలి చౌడు మట్టి తెచ్చి బట్టలకి పట్టించి ఉడకేసేది. చౌడులో క్షారం బట్టల జిడ్డుతో కలిసి సబ్బులా పనిచేసేదన్నమాట. ఇదీ ఆ వరస సంగతే, కాకపోతే ఈ సబ్బు కరగదు. ఆ రోజు కాలవలోంచి తీసిన ముద్దని గునపంతో కొడితే టక్కుమంది. కరిగించడానికి వేడినీళ్ళు పోస్తారు కొందరు. మా తోడికోడలూ అదే చేసేది. వేడినీళ్ళకి కరిగిన జిడ్డు నాలుగు బారలు ముందుకి పోయి అక్కడ మళ్ళీ గడ్డకడుతుంది. అంటే మన గుమ్మం ముందు నుంచి ఎదురింటావిడ గుమ్మం ముందుకి.

పైగా మనది చదును నేల. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ సముద్రమట్టానికి పది మీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉన్న ఊళ్ళు. నీళ్ళు పరిగెత్తవు, నడుస్తాయి. ఊళ్ళో మురుగు కాలవలు పెద్ద డ్రెయిన్లలోకి, రేపల్లె డ్రెయిన్, తుంగభద్ర డ్రెయిన్, నల్లమడ, రొంపేరు లాంటివాటిలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. నూనె తెట్టె నీటి మీద మూతలా పరుచుకుంటే కిందకి గాలి ఆడదు. మా పుట్టింటివైపు చేపల చెరువులున్న వాళ్ళెవరినడిగినా నీళ్ళకి గాలి ఆడకపోతే ఏమవుతుందో చెప్తారు.

ఇది మన దరిద్రమే అనుకోకండి. లండన్‌లో ఉన్న మా పెద్దమ్మ మనవరాలికి ఈ ముద్ద ఫొటో పంపిస్తే, "పిన్నీ, మా దగ్గర దీనికి మ్యూజియమే ఉంది" అని రాసింది. నిజమే. 2017లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో భూమి కింద మురుగు గొట్టంలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ దొరికింది. హోటళ్ళ నూనె, ఇళ్ళ నూనె, దాంట్లో ఇరుక్కున్న తడిగుడ్డలు, పిల్లల డైపర్లు. తవ్వి తియ్యడానికి వారాలు పట్టింది. దాని ముక్కని 2018లో లండన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడితే జనం వరసకట్టి చూశారు. మిగతా దాన్లో కొంత బయోడీజిల్ చేశారు. మన బాపట్ల ముద్ద చెత్తబండి ఎక్కి వెళ్ళిపోయింది.

నాకు ఇంతకంటే నచ్చిన కథ ఇంకోటుంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 నుంచి, అమెరికాలో ఇల్లాళ్ళని వేయించిన కొవ్వు పారెయ్యకుండా డబ్బాల్లో పట్టి మాంసం కొట్లో ఇవ్వమని ప్రభుత్వం అడిగింది. కొవ్వులోంచి గ్లిజరిన్, గ్లిజరిన్‌లోంచి పేలుడు మందు. కొట్టువాడు తూచి డబ్బులిచ్చేవాడు, తర్వాత రేషన్ పాయింట్లు కూడా ఇచ్చారు. వంటింటి జిడ్డుకి ధర కట్టి, తూచి, పద్దు రాస్తే అది తూముకి పోలేదు. ఆ నూనెతో చేసింది బాంబులు కావడం వేరే సంగతి, దాన్ని నేను మెచ్చుకోను. తూచి కొనడం మాత్రం బాగుంది.

ఇక్కడ దాకా తూము సంగతి. అసలు నాకు నిద్రపట్టనివ్వని సంగతి వేరే ఉంది.

నూనె అంతా తూముకి పోదు. మా మరిది హోటల్లో రోజుకి సుమారు ఒక డబ్బా, అంటే 15 కిలోలు, వాడతారు. రాత్రి మిగిలిన నల్లనూనె ఒక ప్లాస్టిక్ క్యానులో పోస్తారు. వారానికోసారి ఒకతను స్కూటరు మీద వచ్చి డబ్బులిచ్చి పట్టుకెళ్తాడు. ఆ డబ్బులు ఇన్నాళ్ళూ మా తోడికోడలి చీటీకి పనికొస్తున్నాయి. ఎటు పోతుందని ఎప్పుడైనా అడిగావా అన్నాను. "సబ్బుల ఫ్యాక్టరీకట వదినా" అన్నాడు మా మరిది. ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ అంటే తెలీదు.

మూడోనాడు సాయంత్రం మా మరిది చిన్నకొడుకుని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే, వాడు దారిలో ఒక బండి దగ్గర ఆగి పునుగులు కావాలన్నాడు. ఇంట్లో అంతంత వండుతుంటే బయట పునుగులేంట్రా అంటే, "ఇక్కడివి కరకరలాడతాయి పెద్దమ్మా" అన్నాడు. బండి కింద చూశాను. మా క్యాను. మూతకి మా తోడికోడలు కట్టిన పచ్చగుడ్డ పీలిక ఇంకా అలాగే ఉంది.

బండివాడిని ఏమనాలి? పది మంది తినే చోట పది రూపాయలకి ఇన్ని పునుగులివ్వాలి వాడు. కొత్తనూనె పోస్తే గిట్టదు. అతనిదీ ఒక సంసారమే. తప్పు అక్కడ మొదలవ్వలేదు, మా ఇంట్లో మొదలైంది. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను. వాడు దారంతా ఏడ్చాడు.

ఇలాంటిది ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. చైనాలో అయితే మురుగు కాలవల్లోంచి తోడిన నూనెని కూడా శుభ్రం చేసి మళ్ళీ అమ్మారని 2011లో పెద్ద ఎత్తున పోలీసులు పట్టుకున్నారు. మనదగ్గర ఆహార భద్రతా సంస్థ, ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2018 జులై 1 నుంచి ఒక గీత గీసింది. కాగిన నూనెలో విరిగిపోయిన పదార్థాలు, వాటిని పోలార్ కాంపౌండ్లు అంటారు, నూటికి 25 దాటితే ఆ నూనెతో వండకూడదు. కొలవడానికి థర్మామీటరులాంటి చేతి మిషను ఉంటుంది, నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది. అదే ఏడాది ఆగస్టులో రూకో అని ఒక పథకం పెట్టారు. వాడిన నూనెని హోటళ్ళ దగ్గర సేకరించి బయోడీజిల్‌కి పంపడం. 2019 మార్చి 1 నుంచి రోజుకి 50 లీటర్లకి మించి వేపుళ్ళకి వాడేవాళ్ళు పద్దు రాయాలి, నూనె ఎంత కొన్నాం, ఎంత పారేశాం, ఎవరికిచ్చాం అని. గుర్తింపు ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.

చక్కగా ఉంది గానీ, ఆ 50 లీటర్ల దగ్గర నాకో పేచీ ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్ళలో 50 లీటర్లు దాటే హోటళ్ళు ఎన్నుంటాయి? జిలేబీ కొట్లు, కర్రీ పాయింట్లు, నూడుల్స్ బండ్లు, మెస్సులు, బజ్జీల బండ్లు, ఎవరికి వాళ్ళు డబ్బా, అరడబ్బా. 25 నియమం అందరికీ ఉంది, పద్దు మాత్రం పెద్దవాళ్ళకే. పద్దు లేనిచోట నియమం ఉన్నా లేనట్టే. ఇంటి పాలలెక్క రాసే ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది.

బయోడీజిల్ అంటే అదేదో కొత్త వింత కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను ఒకటి వేరుశనగనూనెతో నడిపించారు. ఆ పారిస్‌లో వేరుశనగనూనె ఇంజను నడిపింది, మా ఆంధ్రా పారిస్‌లో తూములు ఆపుతోంది. (ఈ జోకు మా ఆయనకి నచ్చలేదు. నాకు నచ్చింది, ఉంచేస్తున్నాను.) మన రాష్ట్రంలోనే కాకినాడలో 2008 నుంచి పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీ ఉంది. 2030 కల్లా డీజిల్లో నూటికి ఐదు వంతులు బయోడీజిల్ కలపాలని 2018 జీవ ఇంధన విధానంలో రాసుకున్నారు. అంటే ఆ నల్లనూనె కావాల్సినవాళ్ళు ఉన్నారు. మనకీ వాళ్ళకీ మధ్య స్కూటరు మీద వచ్చే అతను ఉన్నాడు. అతను ఎక్కువ డబ్బులిచ్చే వైపుకే వెళ్తాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా మరిదితో మాట్లాడాను. పచ్చగుడ్డ పీలిక సంగతి చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది, నా మీద. "ఊళ్ళో అందరూ అమ్ముతున్నారు వదినా, నేనొక్కణ్ణి మానేస్తే ఆ బండివాడు ఇంకోచోట కొనుక్కుంటాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. మా తోడికోడలే లేచి, "వాడు మన నూనె తినకుండా ఉంటే చాలు నాకు" అని లోపలికి వెళ్ళిపోయింది. వాడు అంటే నిద్రపోతున్న పిల్లాడు.

వారం తర్వాత తెనాలి వచ్చేశాను. మా మరిది ఫోన్ చేశాడు. గుంటూరు నుంచి గుర్తింపు ఉన్న సేకరణవాళ్ళ నంబరు సంపాదించాడట. వాళ్ళు ఇంత కొంచెం కోసం బాపట్ల దాకా రామన్నారు. ఇంకో నాలుగు హోటళ్ళు కలిస్తే వస్తామన్నారు. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన స్కూటరతను ఎక్కువిస్తున్నాడని ఆగాడు. నాలుగో హోటలు ఎదురింటావిడ తమ్ముడిది, ముగ్గు గొడవ వల్ల మాటల్లేవు. దానికి మా అత్తయ్య అరిసెలు పట్టుకుని స్వయంగా వెళ్ళొచ్చింది. ఒప్పుకున్నాడు. ముగ్గురితోనే సరిపెట్టుకుని నెలకోసారి వస్తున్నారు ఇప్పుడు. డబ్బులు స్కూటరతను ఇచ్చినదానికంటే తక్కువే. చీటీకి మా తోడికోడలు వేరే దారి చూసుకుంది.

తూముకి గ్రీజు ట్రాపు పెట్టించారు. పేరు పెద్దది గానీ లోపల ఏమీ లేదు. అడ్డంగా రెండు పలకలున్న స్టీలు తొట్టి. అంట్ల తొట్టిలోంచి నీళ్ళు ముందు ఒక జల్లెడ దాటి ఇందులోకి పడతాయి. పలక అడ్డం రావడంతో నీళ్ళు నెమ్మదిస్తాయి, చల్లారతాయి. మెతుకులు అడుగుకి, జిడ్డు పైకి. మధ్యలో ఉన్న నీళ్ళు మాత్రం పలక కింద నుంచి దూరి అవతలి గొట్టంలోకి. మజ్జిగ చిలికితే వెన్న తేలినట్టే. పైన తేలిన జిడ్డూ, కింద పేరిన మడ్డీ కలిపి తొట్టి లోతులో పావు వంతు వచ్చేసరికి తీసెయ్యాలి, లేకపోతే పెట్టీ పెట్టనట్టే. సలసల కాగే నీళ్ళు అందులో పొయ్యకూడదు, కరిగి వెళ్ళిపోతుంది. చాలామంది పెట్టించి తియ్యడం మర్చిపోతారట, అందుకే అది పనిచెయ్యదని పేరొచ్చింది. తియ్యడం ఎవరి పని అన్నదగ్గర మళ్ళీ తగువు. వంటమనిషి నాది కాదన్నాడు, అంట్లమ్మాయి నాదీ కాదంది. 2013 చట్టం ప్రకారం రక్షణ సరంజామా లేకుండా మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపకూడదు. మన సైడు కాలవ దగ్గర ఆ బాబాయి చేతులకి మాత్రం ఆ చట్టం ఇంకా అందలేదు. కనీసం మన తొట్టి మనం తీసుకోవచ్చు కదా అని, చివరికి మా మరిదే తీస్తున్నాడు. చేతికి తొడుగులు కొనుక్కున్నాడు. రెండు జతలు కొని, ఒకటి కాలవలతనికి ఇచ్చాడు. అతను అవి వేసుకుంటే పట్టు దొరకడం లేదని పక్కన పెట్టాడట.

మూకుళ్ళు కడిగేముందు పాత పేపరుతో తుడవడం మాత్రం అత్తయ్య నేర్పింది. కచ్చికతో అయితే ఇంకా బాగా పోతుందని ఆవిడ పట్టు. గ్యాసు పొయ్యిల కాలంలో కచ్చిక ఎక్కణ్ణుంచి తేవాలని కోడలి మాట.

మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు నా ముందే ట్రాపు మూత తీశారు. నెలరోజుల జిడ్డు, పైన మీగడలా నాలుగు వేళ్ళ మందం. తూచి చూద్దామని అత్తయ్యే కాటా తెప్పించింది. పదకొండు కిలోల చిల్లర. పాలలెక్క రాసే పుస్తకంలో వెనక పేజీలో తేదీ వేసి రాయించింది. తర్వాత ఆ ముద్దని చాలాసేపు చూసి, "ఇందులో కాస్త ఉంచండ్రా, గేటు బందులు కిర్రుమంటున్నాయి" అంది.